రెండు చుక్కలు, కొన్ని ప్రశ్నలు
పోలియో టీకాను గురించి కలకత్తా ముస్లిం వాడలలోని తల్లిదండ్రుల సందేహములు, సమాధానములు

హౌరా జిల్లా నేర్పిన పాఠము

భారతదేశములో సహజ పోలియో వైరస్ సోకి ఒక బిడ్డకు కాలు చచ్చుబడిన కడపటి సంఘటన 2011వ సంవత్సరము జనవరి 13వ తేదీన జరిగినది. ఆ బిడ్డ పశ్చిమ బెంగాలు రాష్ట్రములో హౌరా జిల్లా పాంచ్లా ప్రాంతమునకు చెందినది. నేడు కోల్‌కతా అని వ్యవహరింపబడు కలకత్తా మహానగరమునకు ఎదురుగా, హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున హౌరా జిల్లా యున్నది. పాంచ్లా గ్రామములలో జరీ పని చేసి బ్రతుకు ముస్లిం కుటుంబములు పెక్కు గలవు. ఆ బిడ్డ తండ్రియు జరీ పనివాడే. వ్యాధి సోకునాటికి ఆమె వయస్సు ఏడాదిన్నర.

ఆ బిడ్డకు అంతకుముందు పోలియో చుక్కలు వేయింపలేదు. ఏల వేయింపలేదని అధికారులు, పత్రికలవారు విచారింపగా తెలిసిన కారణము గమనింపదగినది. చుక్కలు మతవిరుద్ధమని ఆ తల్లిదండ్రులు భావింపలేదు. వారి తక్కిన పిల్లలకు చుక్కలు వేయించియే యుండిరి. ఈ బిడ్డ మాత్రము పుట్టినది మొదలు తరచుగా జబ్బుపడుచుండెను. నలతగా నున్న పసిబిడ్డకు మందు వేయించిన లేనిపోని హాని కలుగునేమో యని వెరచి, తరువాత చూచుకొందమని ఊరకుండిరి. ఆ తరువాత యన్నది రాకమునుపే వ్యాధి వచ్చినది.

ముస్లిం వాడలలో పోలియో చుక్కలను వద్దన్న కుటుంబములను గురించి మాటలాడునపుడు, మూఢవిశ్వాసమని ఒక్కమాటతో తీర్పుచెప్పుట పలువురకు అలవాటైనది. హౌరా సంఘటన ఆ తీర్పు తప్పని చూపుచున్నది. అక్కడ టీకాకు అడ్డు వచ్చినది మతము కాదు, బిడ్డమీది ప్రేమ. ఆ ప్రేమకు తగిన సమాధానము సకాలములో దొరకలేదు. తల్లిదండ్రుల ప్రశ్న ఎట్టిదైనను దానిని విని, నిజము చెప్పుటయే టీకా కార్యక్రమమునకు పునాది.

వ్యాధి స్వరూపము

పోలియో వైరస్ నోటి ద్వారా శరీరములో ప్రవేశించి ప్రేగులలో వృద్ధి పొందును. వ్యాధి సోకినవారి మలము కలిసిన నీటివలన, చేతుల మాలిన్యమువలన అది ఇతరులకు వ్యాపించును. సోకిన పిల్లలలో అత్యధికులకు ఎట్టి లక్షణములును కానరావు. కొందరికి స్వల్పముగా జ్వరము, తలనొప్పి కలిగి తగ్గిపోవును. ఇంచుమించు 200 మందిలో ఒకరికి వైరస్ నాడీమండలమునకు ప్రాకి, కండరములను కదలించు నరాల కణములను నశింపజేయును. అప్పుడు కాలు గాని చేయి గాని చచ్చుబడును. అట్లు పక్షవాతము వచ్చినవారిలో నూటికి 5 నుండి 10 మంది, ఊపిరి తీయు కండరములు పనిచేయక మరణింతురు. నశించిన నరాల కణములను తిరిగి బ్రతికించు మందు నేటికిని లేదు.

ఈ లెక్కలో ఒక హెచ్చరిక యిమిడి యున్నది. ఒక వాడలో ఒక్క బిడ్డ కుంటుచు కనబడునప్పటికి, ఆ వైరస్ వందలాది పిల్లల ప్రేగులలో నివసించి పోయి యుండును. కావున తన బిడ్డ ఆరోగ్యముగా నున్నది గదా యని యొక తల్లి అనుకొనినంత మాత్రమున ఆ బిడ్డకు రక్షణ లేదు. ఆ బిడ్డవలన పొరుగు బిడ్డకు భయము లేదనియు చెప్పుటకు వీలులేదు.

1988లో ప్రపంచ ఆరోగ్య సభ పోలియోను నిర్మూలింప తీర్మానించునాటికి, లోకములో ఏటా సుమారు 3,50,000 మంది పిల్లలు ఈ వ్యాధిచే అవిటివారగుచుండిరి. మన దేశములో పల్స్ పోలియో కార్యక్రమము 1995 డిసెంబరులో ఆరంభమైనది. ఒక్కొక్క జాతీయ దినమున సుమారు 17 కోట్ల పిల్లలకు చుక్కలు వేయుటకు 20 లక్షలకు పైగా కార్యకర్తలు పనిచేసిరి. ఐనను 2002లో 1,600 మంది, 2009లో 741 మంది పిల్లలు ఈ వ్యాధి పాలైరి. 2010లో ఆ సంఖ్య 42కు, 2011లో ఒకటికి దిగినది. 2014 మార్చి 27న భారతదేశము పోలియో రహితమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది.

సందేహము ఒక మతమువారి సొత్తు కాదు

టీకాలను శంకించుట ముస్లింలకే పరిమితమన్న మాటను చరిత్ర అంగీకరింపదు. మశూచి టీకాను నిర్బంధము చేసినందుకు ఇంగ్లండులోని లెస్టరు పట్టణమున 1885లో వేలాది ప్రజలు ఊరేగింపు తీసిరి. మన దక్షిణాదిలో క్షయకు విరుగుడుగా బి.సి.జి. టీకాలు వేయుచుండగా, 1955లో చక్రవర్తుల రాజగోపాలాచారి వంటి మేధావియే దానిని బహిరంగముగా వ్యతిరేకించెను.

మరియొక వైపున, మశూచికి ముందుగా స్వల్పముగా అంటించుకొని రక్షణ పొందు పద్ధతి యూరపు ఖండమునకు తుర్కుల దేశమునుండియే చేరినది. ఇంగ్లీషు రాయబారి భార్యయైన లేడీ మేరీ మాంటేగు 1718లో ఇస్తాంబూలులో తన కుమారునకు అట్లు చేయించి, ఆ పద్ధతిని ఇంగ్లండులో ప్రచారము చేసెను. మశూచికిని తట్టుకును గల భేదమును వివరించి గ్రంథము వ్రాసిన రాజీ యను వైద్యుడు పారశీక ముస్లిం. బెంగాలులో ఇంటింటికి తిరిగి మశూచి టీకాలు వేయువారిని గురించి హోల్వెల్ అను ఇంగ్లీషు వైద్యుడు 1767లోనే వర్ణించెను. కావున రోగము రాకముందే దానిని నిలువరించు యత్నము ముస్లింలకు గాని, బెంగాలీలకు గాని క్రొత్తది కాదు.

అయినచో కొన్ని వాడలలో సందేహము ఎక్కువగా నుండుటకు కారణములు లేవా? కలవు. 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో ఉత్తర భారతమున పెక్కుచోట్ల సంతాన నిరోధ శస్త్రచికిత్సలు బలవంతముగా జరిగినవి. ఆ జ్ఞాపకము పేదవాడలలో తరతరములు నిలిచినది. 2011లో పాకిస్తానులోని అబోటాబాదులో ఒకరి ఆచూకీ తీయుటకై అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకా కార్యక్రమమును ముసుగుగా వాడుకొనినది. టీకా కార్యక్రమములను ఇక నట్లు వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చినది. విశ్వాసమునకు తగిలిన ఇట్టి గాయములను లేవని కొట్టివేయుటకంటె ఒప్పుకొని మాటలాడుట మేలు. ఐతే ఆ గాయముల కారణముగా బిడ్డ కాలు పోగొట్టుకొనరాదు.

తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు

కలకత్తాలోని రాజాబజారు, తిల్జలా, తోప్సియా, మెటియాబ్రుజ్ వంటి వాడలలో గాని, హైదరాబాదు పాతబస్తీలో గాని, టీకా కార్యకర్తలు తలుపు తట్టినపుడు వినబడు ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటే. వానిలో ముఖ్యమైనవానికి సమాధానములు ఈ క్రింద ఇవ్వబడినవి.

చుక్కలు వేయించిన పిల్లలకు ముందుముందు సంతానము కలుగదా?

ఈ వదంతికి కాలమే తిరుగులేని సమాధానము చెప్పినది. 1995లో పల్స్ పోలియో చుక్కలు వేయించుకొనిన పసిపిల్లలు నేడు ముప్పది యేండ్లు నిండినవారు. వారిలో కోట్లాది మంది వివాహములు చేసికొని తల్లులు, తండ్రులు అయినారు. నేడు చంక నెత్తుకొని తమ బిడ్డలను చుక్కలకు తెచ్చు తల్లులలో అధికులు, బాల్యమున ఆ చుక్కలనే వేయించుకొనినవారు. సౌదీ అరేబియా, ఈజిప్టు, ఇరాను, తుర్కీ, ఇండోనేషియా, బంగ్లాదేశము మొదలగు ముస్లిం దేశములన్నియు తమ పిల్లలకు పోలియో టీకా వేయించుచునే యున్నవి. ఆ దేశములలో సంతానము ఆగిపోలేదు.

ఈ మందులో నిషిద్ధ పదార్థములున్నవా?

నోటి చుక్కలలో ఉండునది బలహీనపరచబడిన పోలియో వైరస్. దానిని ప్రయోగశాలలో కోతి మూత్రపిండపు కణములపై పెంచి, శుద్ధిచేసి తీయుదురు. వైరస్ చెడకుండుటకు మెగ్నీషియం క్లోరైడు అను లవణమును చేర్చుదురు. సూక్ష్మజీవులు చేరకుండ అత్యల్ప పరిమాణమున ఔషధము కలుపుదురు. చుక్కలకు గల గులాబీ లేక పసుపు ఛాయ ఒక రంగు సూచికవలన వచ్చినది. తయారీ క్రమమును గూర్చి ఇస్లాం ధర్మశాస్త్ర పండితులును ప్రశ్నించి, విచారించిరి. కైరోలోని అల్ అజ్‌హర్, అంతర్జాతీయ ఇస్లామిక ధర్మశాస్త్ర అకాడమీ, ఇస్లామిక సహకార సంస్థ, ఇస్లామిక అభివృద్ధి బ్యాంకు కలిసి పోలియో నిర్మూలనకై ఒక సలహా సంఘముగా ఏర్పడి 2014లో జెడ్డాలో సమావేశమైరి. పిల్లలకు టీకాలు వేయించుట ధర్మసమ్మతమనియు, వారిని వ్యాధినుండి కాపాడుట తల్లిదండ్రుల బాధ్యతయనియు వారు స్పష్టము చేసిరి. పోలియో వ్యాపించియున్న దేశములనుండి వచ్చు హజ్ యాత్రికులు టీకా వేయించుకొని రావలెనని సౌదీ ప్రభుత్వమే నిబంధన విధించినది.

ఒకసారి వేయించితిమి గదా, మరల మరల ఏల?

ఇది అన్ని మతములవారును అడుగు ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. మన దేశమువంటి ఉష్ణప్రాంతములలో, ఇరుకు వాడలలో, పిల్లల ప్రేగులలో ఇతర సూక్ష్మజీవులు అనేకము చేరియుండును. విరేచనములు తరచుగా నగుచుండును. అందువలన చుక్కలలోని వైరస్ ప్రతిసారి ప్రేగులో నాటుకొనదు. మన పిల్లలకు చల్లని దేశముల పిల్లలకంటె హెచ్చు మోతాదులు అవసరమని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు జాకబ్ జాన్ ప్రభృతులు 1970 దశకములోనే గుర్తించిరి. 2006లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, మొదటి రకపు వైరస్‌పై నాటి చుక్కల ఒక్క మోతాదు ఇచ్చు రక్షణ ఉత్తరప్రదేశములో నూటికి 9 పాళ్లు, దేశములోని తక్కిన ప్రాంతములలో 21 పాళ్లు మాత్రమే. ఒక వానకు చెరువు నిండనట్లే, ఒక్క మోతాదుతో రక్షణ నిండదు. తరువాత రెండు రకముల వైరస్‌లకు మాత్రమే ఉద్దేశింపబడిన, మరింత బలమైన చుక్కలు 2010లో వాడుకలోనికి వచ్చినవి. వ్యాధి తగ్గుముఖము పట్టుటకు అది యొక ముఖ్యకారణము. మోతాదులు ఎక్కువైనందున బిడ్డకు హాని లేదు.

బిడ్డకు నలతగా నున్నది, ఇప్పుడు వేయింపవచ్చునా?

హౌరా బిడ్డ విషయమున అడ్డుపడినది ఈ ప్రశ్నయే గనుక దీనికి సమాధానము ప్రతి ఇంటికిని తెలియవలెను. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరము ఉన్నను చుక్కలు వేయింపవచ్చును. విరేచనములగుచున్నను వేయింపవచ్చును, ఆ మోతాదు లెక్కకు రాదనుకొని, తరువాత మరియొక మోతాదు వేయించిన చాలును. పుట్టిన బిడ్డకును వేయింపవచ్చును. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో చేరిన బిడ్డ విషయమునను, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన బిడ్డ విషయమునను మాత్రము వైద్యుని సలహా తీసికొనవలెను. బక్కచిక్కిన బిడ్డకు, తరచు జబ్బుపడు బిడ్డకు ఈ రక్షణ మరింత అవసరమని మరువరాదు.

చుక్కలవలననే పోలియో వచ్చునందురు, నిజమా?

దీనికి దాపరికము లేని సమాధానము చెప్పవలెను. చుక్కలలో నున్నది బ్రతికియున్న వైరస్. అత్యంత అరుదుగా, సుమారు 27 లక్షల మోతాదులకు ఒకటి చొప్పున, దానివలన పక్షవాతము కలుగవచ్చును. పెక్కుమంది పిల్లలు టీకా లేక మిగిలిపోయిన చోట ఆ బలహీన వైరస్ దీర్ఘకాలము బిడ్డనుండి బిడ్డకు ప్రాకి, మార్పు చెంది, తిరిగి బలము పుంజుకొనుటయు కలదు. ఈ రెండవ అపాయమునకు విరుగుడు పిల్లలందరికిని టీకా వేయించుటయే. మొదటి అపాయమును తగ్గించుటకై చచ్చిన వైరస్‌తో చేసిన సూదిమందును 2015 నవంబరునుండి మన టీకాల పట్టికలో చేర్చిరి. సహజ రూపమున 1999లోనే అంతరించిన రెండవ రకపు వైరస్‌ను 2016 ఏప్రిలులో చుక్కలనుండి తొలగించిరి.

నాలా బాగుచేయరు, నీరు ఇయ్యరు, చుక్కలకు మాత్రము ఇంటికి వత్తురేమి?

ఈ నిష్ఠూరములో న్యాయము గలదు. మురుగు పారుదల, మంచినీరు, మరుగుదొడ్లు లేనిచోటనే పోలియో వైరస్ సులభముగా వ్యాపించును. కావున అవి కావలెనని కోరుట పౌరుల హక్కు. వానిని సమకూర్చుట ప్రభుత్వపు, నగరపాలక సంస్థల విధి. ఐతే నాలా బాగుపడువరకు బిడ్డ వయస్సు ఆగదు. మురుగు ఎక్కువగా నున్న వాడలోని బిడ్డకే చుక్కల అవసరము ఎక్కువ.

ఎవరు చెప్పిన నమ్ముదురు?

సమాధానము సరియైనదైనంత మాత్రమున చాలదు. అది నమ్మదగినవారి నోట రావలెను. 2002లో ఉత్తరప్రదేశములో వ్యాధి చెలరేగినపుడు, దానికి గురియైనవారిలో ముస్లిం పిల్లలు జనాభాలో తమ పాలుకంటె మిక్కిలి హెచ్చుగా నుండిరి. టీకా వద్దనుట ఒక్కటే దానికి కారణము కాదు. టీకా వేయువారు ఆ వాడలకు సరిగా పోకుండుటయు, పోయినను ఘోషా పాటించు ఇండ్లలోనికి పురుష కార్యకర్తలు ప్రవేశింపలేకుండుటయు కారణములైనవి.

ఈ లోపమును గుర్తించి పద్ధతి మార్చిరి. అదే వాడలో నివసించు స్త్రీలను ఎంచి, శిక్షణ యిచ్చి, యునిసెఫ్ సహాయముతో ఇంటింటికి పంపిరి. వారు వాకిట నిలిచి చుక్కలు వేసి పోక, లోపల కూర్చుండి తల్లులతో మాటలాడిరి. పుట్టిన బిడ్డల పేర్లు వ్రాసికొనిరి. చేతులు కడుగుకొనుట, తల్లిపాలు, విరేచనములకు ఉప్పు చక్కెర నీరు మొదలగు విషయములును చెప్పిరి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయము, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ సంస్థలు పోలియో నిర్మూలనకు చేయి కలిపినవి. మౌల్వీలు, ఇమాములు శుక్రవారపు ప్రార్థనల పిమ్మట చుక్కల దినమును ప్రకటించిరి. కొందరు తమ బిడ్డలకే అందరియెదుట చుక్కలు వేయించిరి. పశ్చిమ బెంగాలులోను ఈ మార్గమునే అనుసరించిరి.

కలకత్తా వాడలలో మరియొక చిక్కు గలదు. హౌరా గ్రామముల ముస్లింలు బెంగాలీ మాటలాడువారు. రాజాబజారు, మెటియాబ్రుజ్ వంటి చోట్ల బీహారు, ఉత్తరప్రదేశములనుండి తరలివచ్చి ఉర్దూ మాటలాడు కుటుంబములు పెక్కు గలవు. పని వెదకుకొనుచు వచ్చి పోవు ఇట్టి కుటుంబముల పిల్లలు ఏ యూరి పట్టికలోను చేరక తప్పిపోవుటకు అవకాశము హెచ్చు. తల్లి భాషలో మాటలాడగల కార్యకర్త, రైలు స్టేషనులోను బస్సు నిలయములోను చుక్కలు వేయు ఏర్పాటు, ఇటుక బట్టీలయొద్దకు పోవు బృందము ఇట్టి లోటును తీర్చుటకు ఏర్పడినవే.

కార్యకర్తలు గోడపై సుద్దతో వ్రాయు గుర్తులు కొందరిలో అనుమానము రేపినవి. వాని అర్థము ఇంతమాత్రమే. ఇంటనున్న పిల్లలందరికిని చుక్కలు పడినచో ‘పి’ అను ఇంగ్లీషు అక్షరము వ్రాయుదురు. ఒక్క బిడ్డయైనను మిగిలినచో ‘ఎక్స్’ అను అక్షరము వ్రాసి, మరల వత్తురు. ఒకే బిడ్డను రెండుమారులు లెక్కింపకుండుటకై చిటికెన వ్రేలి గోటిపై సిరా గుర్తు పెట్టుదురు. ఈ గుర్తులు అన్ని మతములవారి ఇండ్లకును ఒక్కటే.

ముప్పు పూర్తిగా తొలగినదా?

టీకాపై అపనమ్మకము ఎంత దూరము పోగలదో నైజీరియా దేశము చూపినది. 2003లో అక్కడి కానో రాష్ట్రమున, చుక్కలవలన సంతానము కలుగదను ప్రచారము సాగి, టీకాను నిలిపివేసిరి. ముస్లింలు అధికముగా నున్న ఇండోనేషియాలో తయారైన టీకాను వాడుటకు అంగీకారము కుదిరిన పిమ్మట 2004లో కార్యక్రమము తిరిగి మొదలైనది. ఈలోపల నైజీరియా వైరస్ ఎన్నో దేశములకు పాకినది. టీకాను తయారుచేసి పంపిన ఇండోనేషియాకే ఆ వైరస్ 2005లో చేరి, పదియేండ్లుగా పోలియో ఎరుగని ఆ దేశములో 300 మందికి పైగా పిల్లలను అవిటివారిని చేసినది. తరువాత నైజీరియా ప్రజలు, మతపెద్దలు పట్టుదలతో పనిచేయగా 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండము సహజ పోలియో వైరస్ లేనిదైనట్లు ప్రకటింపబడినది.

నేటికిని పాకిస్తాను, ఆఫ్ఘనిస్తాను దేశములలో సహజ వైరస్ నిలిచియున్నది. పాకిస్తానులో 2023లో 6గా నున్న కేసులు 2024లో 74కు పెరిగినవి. ప్రయాణములు పెరిగిన ఈ దినములలో వైరస్‌కు దూరము లెక్క కాదు.

మన నగరములలోను హెచ్చరికలు వినబడినవి. 2016లో హైదరాబాదు అంబర్‌పేట నాలా మురుగునీటిలో, టీకా వైరస్‌నుండి మార్పుచెందిన రెండవ రకపు పోలియో వైరస్ కనబడినది. పిల్లలెవరికిని వ్యాధి రాకపోయినను, జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేయించిరి. 2022లో కలకత్తా మెటియాబ్రుజ్ మురుగునీటిలోను మార్పుచెందిన పోలియో వైరస్ పట్టుబడినది. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యము కోల్పోయి వచ్చి నివసించినదియు, నేడు దర్జీ పనికి ప్రసిద్ధమైనదియు అయిన ఆ వాడలో అధికారులు వెంటనే నిఘాను బలపరచి, టీకాలు తప్పిన పిల్లలకై వెదకనారంభించిరి.

రెండు నగరములలోను బిడ్డ కాలు చచ్చుబడకముందే హెచ్చరిక అందినది. ఒకప్పుడు కుంటుబిడ్డయే మొదటి సాక్షి. నేడు మురుగునీటి పరీక్ష ఆ సాక్ష్యము ఇచ్చుచున్నది. పదునైదు ఏండ్లలోపు ఏ బిడ్డకైనను కాలు గాని చేయి గాని ఉన్నట్లుండి మెత్తబడినచో, మల నమూనాలు రెండు తీసి ప్రయోగశాలకు పంపు ఏర్పాటు 1997నుండి దేశమంతటను నడచుచున్నది. ఇందుకై ఏర్పడిన ప్రయోగశాలలలో కలకత్తాలోని సీరాలజీ సంస్థ యొకటి.

తల్లిదండ్రులు చేయవలసినది

బిడ్డ పుట్టిన వెంటనే ఆసుపత్రిలోనే మొదటి చుక్కలు వేయింపవలెను. పిమ్మట 6, 10, 14 వారములలో మూడుమార్లును, 16 నుండి 24 నెలల మధ్య మరియొకమారును చుక్కలు వేయింపవలెను. వీనితోపాటు 6వ వారమున, 14వ వారమున, 9వ నెలలో సూదిమందు వేయింపవలెను. ఇవన్నియు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. ఇదిగాక, ఐదేండ్లలోపు ప్రతి బిడ్డకును పల్స్ పోలియో దినమున, ఇంతకుముందు ఎన్నిమార్లు వేసియున్నను, మరల చుక్కలు వేయింపవలెను. టీకాల కార్డును భద్రముగా నుంచుకొని, ఊరు మారునపుడు వెంట తీసికొనిపోవలెను.

మందు చెడినదేమో యని శంక కలిగినచో సీసాను చూపుమని అడుగవచ్చును. సీసాపై ఒక వృత్తము, దాని నడుమ ఒక చతురము ముద్రింపబడి యుండును. వేడి తగిలినకొలది నడుమనున్న చతురము నల్లబడును. చతురము వృత్తముకంటె తెల్లగా నున్నంతవరకు ఆ మందు మంచిది. రెండును ఒకే రంగులో నున్నను, చతురమే ఎక్కువ నల్లగా నున్నను ఆ మందు వాడరాదు. దీనిని చూచుటకు చదువు అక్కరలేదు. ప్రతి తల్లియు చూడవచ్చును. అడిగినపుడు చూపుట కార్యకర్త విధి.

ప్రశ్న యున్నచో తలుపు మూయక, అడుగవలెను. కార్యకర్త చెప్పినది చాలనిచో వైద్యుని అడుగవచ్చును. ధర్మసంశయమైనచో మసీదు ఇమామునే అడుగవచ్చును. వదంతి చెప్పినవాడు బిడ్డకు కీడు కలిగిననాడు తోడు రాడు. కార్యకర్తలును, అడిగిన తల్లిని అజ్ఞానియని చులకనగా చూడక, మరల మరల అడిగినను మరల మరల చెప్పవలెను.

బిడ్డను అల్లా ఒప్పగించిన అమానతుగా ముస్లిం కుటుంబములు భావించును. హిందువులు దైవప్రసాదమందురు. పేరు ఏదైనను బాధ్యత ఒక్కటే. ఆ బిడ్డ తన కాళ్లపై తాను నడచి బడికి పోవుటకు నేడు కావలసినది ఉచితముగా లభించు రెండు చుక్కలు, కొన్ని నిమిషముల ఓపిక. చుక్కల దినమున మీ బిడ్డతోపాటు పొరుగింటి బిడ్డను కూడ వెంటబెట్టుకొని పోవుడు.